నిషిద్ధపదములు - చింతామణి నాటకము

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు చింతామణి నాటకప్రదర్శనమును రాష్ట్రమంతటను నిషేధించుచు ఉత్తరువు వెలువరించిరి. ఆ నాటకమునందలి సుబ్బిశెట్టి పాత్రము తమ కులమును నలుగురిలో నవ్వులపాలు చేయుచున్నదని ఆర్యవైశ్యసంఘములవారు చేసికొన్న విన్నపము దానికి మూలము. నాటకకర్తలగు కాళ్లకూరి నారాయణరావుగారు మన గోదావరి సీమవారు. భీమవరపు ప్రాంతమునందలి మత్స్యపురిలో 1871లో జన్మించి 1927లో కీర్తిశేషులైరి. వరవిక్రయమున కట్నమును, మధుసేవలో మద్యపానమును, చింతామణిలో వేశ్యాలోలతను ఖండించినవారు. సంఘమును సంస్కరింపబూనిన వాని నాటకమే సంఘములో నొక భాగమును అవమానించుచున్నదన్న ఫిర్యాదుపై నిలిచిపోవుట మనవంటివారికి చిక్కైన విషయము. ఆ యుత్తరువుపై ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యములు నడచినవి. వానిని న్యాయవాదులు చూచుకొందురు. మేమిట విచారింపదలచినది వేఱు. ఒరులను నొప్పించు మాటను శాసనముచే మాన్పదగునా? మాన్పదగినచో ఏ మాటను, ఏ తావున?

విన్నపము చేసినవారి బాధను తేలికగా త్రోసివేయరాదు. నాటకమే కదా, నవ్వి యూరకుండరాదా యని యడుగువారు తమ కులము పేరు ఆ నవ్వులో లేనివారు. మేము ఇరువదియేండ్లుగా బడిపంతులము. పచారీకొట్టు నడుపుకొను నొక గృహస్థుని కుమారుడు, లెక్కలలో దిట్ట, ఏడవ తరగతిలో చేరిన నెలదినములలోనే తన పేరు పోగొట్టుకొని సుబ్బిశెట్టిగా మాఱుటను మేము కన్నులార చూచితిమి. అట్లు పిలిచిన బాలురలో నొక్కడైనను ఆ నాటకము చూచినవాడు కాడు. ఇంట పెద్దలు నవ్వుచు పలుకగా వినిన మాట యది. ఆ పిల్లవాడు మధ్యాహ్నభోజనవేళ ఒంటిగా గోడవైపు తిరిగి కూర్చుండువాడు. దీనిని వాక్స్వాతంత్ర్యమని సమర్థించుటకు మాకు నోరు రాదు.

అయినచో తప్పు ఎవరిది? మన డెల్టాలో తీర్థములనాడును, శ్రీరామనవమి పందిళ్లలోను చింతామణి చూచినవారికి ఒక సంగతి తెలియును. ముద్రితగ్రంథమును చేతబట్టుకొని చూచినచో, రంగస్థలముమీద వినబడు సంభాషణలలో పెక్కులు అందు కానరావు. సుబ్బిశెట్టియు, చింతామణియు, ఆమె తల్లి శ్రీహరియు కూడు ఘట్టమును నటులు తమకు తోచినట్లు పెంచి, ద్వ్యర్థములు చొప్పించి, కులమును దెప్పు మాటలు గ్రుచ్చి, రాత్రిలో సగము దానికే యిచ్చిరి. ఈలలే దానికి కొలబద్ద. బిల్వమంగళుని పశ్చాత్తాపము వచ్చువేళకు తూర్పు తెల్లవాఱుచుండును. జనములో సగము నిద్రలోను, తక్కినవారు ఇంటిదారిలోను ఉందురు. వేశ్యాలోలతను మాన్పించుటకు పుట్టిన నాటకము దానినే అంగడిసరకుగా అమ్ముకొను స్థితికి వచ్చినది. ఇది కవిచేసిన పని కాదు. ఈల వేసిన మన చేతను, ఈలకు లొంగిన నటుని చేతను జరిగిన పని.

అట్లని కవిని నిర్దోషియని విడిచిపుచ్చుటయు న్యాయము కాదు. బిల్వమంగళుడు పండితుడైన బ్రాహ్మణుడు. అతడు పతితుడైనను ఆ పతనమునకు గాంభీర్యమున్నది. తుదకు కృష్ణభక్తుడై లీలాశుకుడన్న పేర పూజ్యుడగును. సుబ్బిశెట్టి పతనము హాస్యమునకు మాత్రమే వినియోగింపబడినది. ఇద్దఱును చేసిన తప్పు ఒక్కటే. ఇద్దఱును కోలుపోయినది ఇల్లే. ఒకని కన్నీటికి కవి పద్యములు పాడించెను. ఇంకొకని పిసినారితనమును, భాషను, తూకపురాళ్లను చూపి నవ్వించెను. కవి నోటిలో దుష్టపదము లేకపోవచ్చును. ఎవరికి కరుణ, ఎవరికి పరిహాసము అన్న పంపకములోనే అవమానము దాగియున్నది. నటులు పెంచినది ఈ బీజమునే. విన్నపము వ్రాసినవారు ఈ మాట సూటిగా చెప్పియుండినచో అది మంచి సాహిత్యవిమర్శయై యుండెడిది. నాటకమును ఎవరును ఆపనక్కఱలేకయే కవి లోపము నలుగురికి తెలిసియుండెడిది.

మఱియొక సంగతి. ఆ నాటకమున సుబ్బిశెట్టి కంటె నీచముగా చిత్రింపబడినది శ్రీహరి. కన్నబిడ్డను బేరము పెట్టు తల్లిగా, నోరు విప్పినచో బూతుగా ఆమెను నిలిపి మన జనము శతాబ్దము నవ్వినది. మురమండ, పెద్దాపురము మొదలగు చోట్ల కళావంతుల కుటుంబములు ఉండెడివి. ఆ యిండ్ల స్త్రీలు సంగీతనృత్యములను కాపాడినవారు. 1947లో మదరాసు శాసనము దేవదాసీపద్ధతిని నిషేధించిన పిమ్మట ఆ యిండ్ల బిడ్డలు చదువుకొని, పెండ్లిండ్లు చేసికొని, ఇంటిపేర్లు దాచుకొని బ్రతుకవలసివచ్చినది. శ్రీహరిని చూచి జనము నవ్వునప్పుడు వారి గుండెలలో ఏమి జరిగెనో అడిగినవారెవరు? నిషేధము గట్టిగా అడుగగలవారి చేతికి అందు వస్తువు. సంఘము, ధనము, సచివాలయమునకు దారి గలవారి నొప్పి ఉత్తరువుగా మాఱును. తక్కినవారి నొప్పి నొప్పిగానే యుండును.

ఇక మాట సంగతి. మాటలోనే దోషమున్నదా, పలికినవానిలో నున్నదా యన్న ప్రశ్న క్రొత్తది కాదు. పాణిని తిట్లను వ్యాకరణములో చేర్చుటకు వెనుదీయలేదు. సమాసమున విభక్తిప్రత్యయము లోపించుట సామాన్యవిధి. కాని ఆక్రోశము, అనగా తిట్టు, తెలియుచున్నచో షష్ఠి లోపింపక నిలుచునని ఆయన విధించెను. పుత్రశబ్దము పరమైనచో అది వికల్పము. దాసీపుత్రః అనిన దాసి కొడుకని ఉన్నసంగతి చెప్పుట కావచ్చును. దాస్యాఃపుత్రః అనిన తిట్టే. అర్థమొక్కటే, పదములును అవియే. నడుమ నున్న ప్రత్యయమొక్కటి పలికినవాని మనస్సును బయట పెట్టుచున్నది. ఇంకొకచోట ఇంతకంటెను సూక్ష్మముగా చూపినాడు. కన్నబిడ్డను తినునది యను అర్థముగల మాటను ఆడుపామునుగూర్చి వాస్తవముగా చెప్పినచో తకారమునకు ద్విత్వము వచ్చును; ఒక స్త్రీని తిట్టుటకు వాడినచో రాదు. శబ్దశాస్త్రవేత్త పదమును పట్టికలో వ్రాసి కొట్టివేయలేదు. ఎవరు, ఎవరితో, ఏ యుద్దేశముతో పలికిరని అడిగి, పిదప సూత్రము చెప్పెను.

ఆలంకారికులును ఇదే త్రోవ నడచిరి. మమ్మటుడు అశ్లీలమును కావ్యదోషములలో చేర్చి, సిగ్గు గొల్పునది, రోత గొల్పునది, అమంగళమును తోపించునది యని మూడు విధములుగా విభజించెను. ఆయనయే, పలుకువాడు, వినువాడు, ప్రకరణము మొదలగువాని ఔచిత్యమును బట్టి ఒక్కొక్కయెడ దోషమే గుణమగునని చెప్పెను. నీచపాత్రము నోట గ్రామ్యపదము దోషము కాదు. ఆ పాత్రముచేత పండితభాష పలికించుటయే దోషము. ఇంగ్లండులో బౌడ్లరు 1818లో షేక్స్పియరు నాటకములనుండి కుటుంబములో చదువదగని మాటలను ఏఱివేసి అచ్చొత్తించెను. ఆయన పేరు ఇంగ్లీషుభాషలో, గ్రంథమును పాడుచేయు కత్తిరింపునకు క్రియాపదమై నిలిచినది. షేక్స్పియరునకు దానివలన కొఱత కలుగలేదు.

నిషేధముచే ఏమి సాధింపబడునో చూచుటకు అంత దూరమును పోనక్కఱలేదు. రాజమహేంద్రవరమునకు వత్తము. తంజావూరి ప్రతాపసింహుని కాలమున ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పరిష్కరించి ప్రకటించిరి. పూర్వముద్రణమున విడువబడిన భాగములను చేర్చి, కవయిత్రి తన్నుగూర్చి చెప్పుకొన్న పద్యములను మఱల వెలుగులోనికి తెచ్చిరి. మన కందుకూరి వీరేశలింగముపంతులుగారు ఆ కావ్యమును స్త్రీలు వినరాని, స్త్రీ నోట రారాని మాటలతో నిండినదని దూషించియుండిరి. సిగ్గు స్త్రీకి మాత్రమేనా, పురుషులు వ్రాసిన ఇట్టి కావ్యములను మీరు ఆదరింపలేదా యని నాగరత్నమ్మగారు నిలదీసిరి. ఆ ప్రశ్నకు నేటివఱకు తగిన సమాధానము రాలేదని మా యభిప్రాయము. 1911లో ప్రభుత్వము ఆ గ్రంథమును అశ్లీలమని పట్టుకొన్నది. ఒకప్పుడు రాజమహేంద్రవర పురపాలకసంఘాధ్యక్షులుగా నుండిన టంగుటూరి ప్రకాశముపంతులుగారు మదరాసు ప్రధానులైన పిదప, 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ముప్పదియాఱేండ్లు. ఆ ముప్పదియాఱేండ్లలో దేవదాసీస్త్రీలను నలుగురిలో నిందించు మాటలు ఒక్కటియు తగ్గలేదు. ఆ కులమునుండి వచ్చిన యొక్క గొప్ప కావ్యము మాత్రము అంగళ్లలో లేకపోయినది.

పంతులుగారియందు మాకుగల గౌరవమునకు ఈ మాట భంగము కాదు. 1881లో తొలి వితంతువివాహము చేయించినవాని ఋణము తెలుగువారు తీర్చుకొనలేరు. కాని వారి చేతిలోని కొరడాయు మాటయే కదా. వ్యవహారధర్మబోధినిలో వకీళ్లను, బ్రాహ్మవివాహములో పసిపిల్లలను పెండ్లాడు ముసలివారిని వారు ఎగతాళి చేసినప్పుడు నొచ్చుకొన్నవారు ఊరూర నుండిరి. నొచ్చుకొన్నవారు విన్నపము వ్రాసినంతనే నాటకము ఆగవలెనన్న నియమము ఆనాడే యుండినచో ముందు ఆగునవి వారి ప్రహసనములే. రాజమహేంద్రవరమునకే చెందిన కుసుమ ధర్మన్నగారు, గరిమెళ్ల సత్యనారాయణగారి తెల్లదొరతనపు పాటకు ఎదురుగా, తమ జాతివారి బాధను చెప్పుచు మాకొద్దీ నల్లదొరతనము అను గీతమును కట్టిరి. మొదటి పాట ఇంగ్లీషు ప్రభుత్వమునకు అవమానము. రెండవది అగ్రకులములవారికి అవమానము. ఈ రెండవ పాటపై ఆనాడు విన్నపము పెట్టదలచినచో సంతకములకు కఱవుండునా?

ఒక మాటను తీసివేసి మర్యాదమాటను దానిచోట నిలిపినచో చాలదా యని కొందఱు అడుగుదురు. దీనికి మన దేశచరిత్రమే జవాబు. 1917లో బెజవాడలో పంచమమహాసభ భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను కూడి, పంచములమన్న పేరు మాకు వలదు, మేము ఆదిఆంధ్రులమని ప్రకటించుకొన్నది. 1922లో మదరాసు ప్రభుత్వము ఆ పేరును తన కాగితములలో అంగీకరించినది. తరువాత గాంధిమహాత్ముడు హరిజనులన్న పేరు పెట్టెను. సదుద్దేశముతో పెట్టిన పేరే. 1933లో ఆ పేరనే పత్రిక నడపెను. ఆ పేరు పొందినవారిలో ననేకులు అది తమను అడిగి పెట్టినది కాదనియు, దయతో విసరినదనియు త్రోసివేసిరి. 2017లో సర్వోన్నతన్యాయస్థానము హరిజన శబ్దము నేడు అవమానించుటకు వాడబడుచున్నదని చెప్పినది. భగవంతుని పేరు కలిపి కట్టిన మాటయే తిట్టైనది! అంటరానితనము ఊరిలో నుండగా, దానికి ఏ పేరు పెట్టినను కొన్నాళ్లకు ఆ పేరు మైలపడును.

దీనికి ప్రతిగా జరిగినది మఱింత గమనింపదగినది. 1994లో ప్రకాశముజిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమము పుట్టినది. ఏ మాటను వినుటకు తండ్రులు తలవంచుకొనిరో ఆ మాటను కొడుకులు తమ పేరు చివర తగిలించుకొని సభలలో తలయెత్తి నిలిచిరి. నిషిద్ధపదముల పట్టిక యొకటి యుండి, అందీ పదము చేర్చబడియుండినచో, మొదట నోరు మూయబడువారు వారే. ఆ పట్టికకు అక్షరములు తెలియును గాని పలుకువాని మొగము తెలియదు.

అట్లయినచో శాసనమే వలదందుమా? కాదు. 1955నాటి చట్టము అస్పృశ్యతా కారణమున అవమానించుటను శిక్షార్హము చేసినది. 1989నాటి అత్యాచారనివారణచట్టము, 2015లో సవరింపబడిన పిదప, షెడ్యూల్డుకులములకును తెగలకును చెందిన వ్యక్తిని నలుగురు చూచుచుండగా కులముపేర దూషించుటను నేరముగా స్పష్టపఱచినది. ఇది పదమును నిషేధించుట కాదు. ఒకనిపై దానిని విసరుటను నిషేధించుట. అదే పదము జనాభాలెక్కలలో నుండవచ్చును, నవలలో నుండవచ్చును, ఆ కులమువాని నోటనే గర్వముతో రావచ్చును. ఎదుట నిలిచి బదులు చెప్పలేనివాని మొగముమీద పడినప్పుడు మాత్రము అది దెబ్బ. దెబ్బను శిక్షించుటకు మేము సమ్మతింతుము. పాణిని అడిగిన ప్రశ్నలే ఈ చట్టమును అడుగుచున్నదని మాకు తోచును.

కాని ఆ చట్టమునకును ఒక గడప యున్నది. నాలుగు గోడల నడుమ, బయటివారెవరును లేనిచోట పలికిన మాట నలుగురి చూపున పలికినట్లు కాదని 2020లో సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. న్యాయసూత్రమును బట్టి అది సరియే కావచ్చును. అనగా మన వంటయింటిలోనికి శాసనము రాదు. అచ్చట నేమి వినబడుచున్నది? ఈ పత్రికను చదువు గృహములలో బూతులు వినబడవు. కులముపేర తిట్టును మేము వినలేదు. అయినను అంట్లు తోము ముసలామె ఆలస్యముగా వచ్చిననాడు, అది యింకను రాలేదా, యని పదునాఱేండ్ల పిల్ల యడుగును. అండీ యనక వాక్యము ముగియని మన గోదావరి మర్యాద, ఆయ్ యని బదులిచ్చు మన తియ్యని పలుకు, పెరటిగుమ్మము దాటగనే ఏమే, ఒరే అగుచున్నది. డెబ్బదియేండ్ల పాలేరును కామందు మనుమడు నీవని పిలుచుటయు, ఆ వృద్ధుడు పసివానిని మీరనుటయు కొన్ని యూళ్లలో నేటికిని చూడవచ్చును. తెలుగులో మనిషిని మనిషికంటె తక్కువ చేయుటకు తిట్టుతో పనిలేదు. సర్వనామమును క్రియాంతమును చాలును. అది యను మాటను ఏ పట్టికలో చేర్తురు? పశువుకు, పలకకు, పండుకు మనము వాడు మాటయే కదా!

ఇంతకును చింతామణి మాట. మొత్తము నాటకమును ఆపుట ఒక పాత్రముపై ఫిర్యాదునకు తగిన చికిత్స కాదని మా నిశ్చితాభిప్రాయము. దానితోకూడ బిల్వమంగళుని పద్యములు పోయినవి, ఆ పద్యములు పాడి జీవించు బీదనటుల కూడును పోయినది. తీర్థముల రాత్రులలో సంపాదించిన దానితో ఏడాది గడుపుకొను కుటుంబములు మన జిల్లాలలో లేకపోలేదు. ఉత్తరువు వ్రాసినవారు వారికి వేఱొక పని చూపలేదు. వరవిక్రయము ఆడుకొనుడని కొందఱు సలహా చెప్పిరి. మంచిదే, కట్నము చావలేదు గనుక ఆ నాటకమునకు ముసలితనము లేదు. అయినను ఒక నాటకము చేసిన పని ఇంకొకటి చేయదు.

మఱల ఎప్పుడైనను చింతామణిని ఎత్తుకొను సమాజములవారికి మా సూచన యిది. గ్రంథమున నున్నదే ఆడుడు. నోటికి వచ్చినది చేర్చిన నటుని మరునాడు వేషము కట్టనీయకుడు. సుబ్బిశెట్టి ఇల్లు కోలుపోయిన ఘట్టమును నవ్వునకు విడువక, బిల్వమంగళునికి ఇచ్చినంత నిదానముగా నడపుడు. కవి చేయని న్యాయమును నటుడు చేయవచ్చును. శ్రీహరిని ఆడువాడు ఒక్కసారి యైనను ఆమె కడుపాకలిని చూపవలెను. ప్రదర్శనమునకు ముందు ఆ యూరి వర్తకులను స్వయముగా పోయి పిలిచి, భార్యాపుత్రులతో ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. ఏ మాటకు ఆ పిల్లలు తల వంచుకొందురో నటునికి తెఱ పడకమునుపే తెలియును.